బెంచీ మీద గంటా పది నిమిషాలు

ఎమర్జెన్సీ వార్డు గుమ్మం పక్కనే ఒక బల్ల ఉండేది. వచ్చిన రోగిని ముందుగా చూసి, ఎవరిని వెంటనే లోపలికి పంపాలో, ఎవరిని బెంచీ మీద కూర్చోబెట్టాలో తేల్చేది అక్కడే. పదహారేళ్లుగా ఆ బల్ల దగ్గర పనిచేస్తున్న నర్సుని అందరూ పెద్ద సిస్టర్ అనేవారు. మొహం చూసి జబ్బు చెప్పేస్తుందని ఆమెకి పేరు. ఆ మాట వింటే ఆమెకీ లోలోపల ముచ్చటగానే ఉండేది.

ఆసుపత్రి వెనక వీధిలో చెత్త ఏరి, అట్టలూ సీసాలూ వేరుచేసి అమ్ముకుని బతికే ఒకావిడ ఉండేది. యాభై దాటిన మనిషి. మోకాళ్లనో, కళ్లు తిరుగుతున్నాయనో, గాజుపెంకు గుచ్చుకుందనో నెలకోసారైనా వచ్చేది. వచ్చిందంటే నోటికి తాళం ఉండేది కాదు. పక్కింటి తగువులు, కూతురి మొండితనం, వీధికుక్క పిల్లల్ని పెట్టిన సంగతి, అన్నీ ఏకరువు పెట్టేది. వార్డులో ఆమెని రేడియో అనేవారు. ఆ పేరు పెట్టింది పెద్ద సిస్టరే. "రేడియో వచ్చింది, ఎవరన్నా సౌండు తగ్గించండర్రా" అంటే అందరూ గొల్లుమనేవారు.

ఆ సోమవారం పొద్దున పదిన్నరకి ఆవిడ కూతురి భుజం పట్టుకుని వచ్చింది. హాలు కిటకిటలాడుతోంది.

"ఏమ్మా, ఇవాళేంటి కథ?" అంది పెద్ద సిస్టర్, రాస్తున్న కాగితం మీంచి తలెత్తకుండానే.

"కడుపు పైన మంటగా ఉందమ్మా. దవడ దాకా లాగుతోంది."

"పొద్దున ఏమన్నా తిన్నావా?"

"తినబుద్ధి కాలేదు."

"మరి మండదా?"

కూతురు ముందుకు వంగింది. "చెమటలు పడుతున్నాయి సిస్టర్. వాంతి కూడా అయింది. ఒక్కసారి చూడండి."

"చూస్తానమ్మా. ఇంతమందిలో మీ వంతు రావాలిగా. అలా కూర్చోబెట్టు."

చీటీ మీద 'గ్యాస్ నొప్పి, ఆగవచ్చు' అని రాసేసింది. చెయ్యి పట్టుకుని నాడి కూడా చూడలేదు.

పది నిమిషాలు గడిచాయో లేదో, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక బ్యాంకు ఆఫీసరు ఛాతీ పట్టుకుని లోపలికొచ్చాడు. పెద్ద సిస్టర్ కుర్చీలోంచి లేచి, తనే ఎదురెళ్లి స్ట్రెచర్ పిలిచింది. నాలుగు నిమిషాల్లో ఈసీజీ తీశారు. గుండె బాగానే ఉంది, బరువేదో ఎత్తడంతో కండరం పట్టేసిందని డాక్టరు తేల్చాడు. ఆయన ఊపిరి పీల్చుకుని, అందరికీ పేరుపేరునా థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు.

ఈలోగా కూతురు మూడుసార్లు బల్ల దగ్గరికొచ్చింది. మూడోసారి బల్ల అంచు పట్టుకుని వంగింది. "అమ్మ మాట్లాడట్లేదు సిస్టర్."

"పోనీలే, ఈ ఒక్కరోజైనా నోటికి రెస్టు ఇవ్వనీ" అంది పెద్ద సిస్టర్.

పక్కనున్న అటెండరు కిసుక్కున నవ్వాడు. "రేడియోలో బ్యాటరీ అయిపోయినట్టుంది."

పదకొండూ నలభైకి ఆవిడ బెంచీ మీంచి పక్కకి ఒరిగి నేలమీద పడిపోయింది. డ్యూటీ డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. అరగంటసేపు ఛాతీ మీద ఒత్తుతూనే ఉన్నారు. గుండెపోటు. మనిషి తిరిగి రాలేదు.

సాయంత్రం సూపరింటెండెంటు పెద్ద సిస్టర్‌ని తన గదికి పిలిచాడు. "రోగి ఛాతీ నొప్పి అని చెప్పలేదు. అంతే రాయండి. అబద్ధమేం కాదుగా? కడుపంది, దవడంది. ఛాతీ అనలేదు."

ఆమె రాసి సంతకం పెట్టింది. అబద్ధం కాదు కదా అని ఇంటికెళ్లేదాకా దారంతా తనకి తనే చెప్పుకుంది.

మూడు వారాల తర్వాత పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మనకే తెలియకుండా మనలో ఉండే చిన్నచూపు వైద్యాన్ని ఎలా చెడగొడుతుందన్న దానిమీద ఎమర్జెన్సీ సిబ్బంది అందరికీ ఒకరోజు శిక్షణ ఇస్తారట. పెద్ద సిస్టర్‌కి ఒళ్లు మండిపోయింది. "మా అమ్మ నాలుగిళ్లలో అంట్లు తోమి నన్ను చదివించింది. చిన్నచూపంటే ఏంటో నాకా నేర్పేది?" అని విసుక్కుంటూనే వెళ్లి రెండో వరసలో కూర్చుంది.

శిక్షణ ఇచ్చేది రిటైరైన ఒక ఎమర్జెన్సీ డాక్టరమ్మ. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. తలా ఒక కాగితం పంచింది. అందులో ఉన్న రోగి ఈసీజీ కోసం ఎన్ని నిమిషాలు ఆగవచ్చో రాసి ఇవ్వమంది.

పెద్ద సిస్టర్ చేతిలో కాగితం మీద ఇలా ఉంది: 'యాభై నాలుగేళ్ల స్త్రీ, హైస్కూలు హెడ్మిస్ట్రెస్. పై కడుపులో మంట, దవడ లాగుతోంది, చెమట, వాంతి.' ఆమె రెండోసారి చదవాల్సిన పని కూడా లేకపోయింది. ఇది గుండె. 'సున్నా. వెంటనే' అని రాసింది. రాశాక పెన్ను చేతిలోనే ఆగిపోయింది.

డాక్టరమ్మ కాగితాలన్నీ తీసుకుని బోర్డు మీద రెండంకెలు వేసింది. "సగంమందికి హెడ్మిస్ట్రెస్‌ని ఇచ్చాను. సగంమందికి చెత్త ఏరుకునే ఆవిడని. వయసూ జబ్బూ ఒకటే, అక్షరం తేడా లేదు. హెడ్మిస్ట్రెస్‌కి మీరిచ్చిన సగటు ఆరు నిమిషాలు. ఈవిడకి నలభై మూడు."

వెనక నుంచి అటెండరు అన్నాడు, "హెడ్మిస్ట్రెస్ అయితే కంప్లెయింటు రాస్తుందని భయం మేడమ్." కొందరు నవ్వారు.

డాక్టరమ్మ నవ్వలేదు. "అవును. ఆ భయం లేనప్పుడు మనిషిని ఎంతసేపు కూర్చోబెడతామో ఆ రెండో అంకె చెబుతోంది."

పెద్ద సిస్టర్ లేచి నిలబడింది. ముందు కుర్చీ వీపు పట్టుకుంది.

"నాకు జబ్బు తెలియక కాదు మేడమ్" అంది. "ఇప్పుడు చదవగానే తెలిసింది. ఆ రోజు ఆవిడ ఇదే మాట, ఇదే వరసలో, నా బల్ల ముందు నిలబడి చెప్పింది. నేను తలెత్తలేదు. గంటా పది నిమిషాలు కూర్చోబెట్టాను. మాట పడిపోయిందని కూతురు చెబితే జోకేశాను."

"సిస్టర్, కూర్చోండి" అన్నాడు సూపరింటెండెంటు వెనక నుంచి. ఆమె కూర్చోలేదు. ఆ గదిలో మళ్లీ ఎవరూ నవ్వలేదు.

మర్నాడు జరిగింది జరిగినట్టు రాసి, ఒక కాపీ ఆఫీసులో ఇచ్చి, ఇంకోటి పట్టుకుని వెనక వీధికి వెళ్లింది. కూతురు గుమ్మంలో కూర్చుని అట్టపెట్టెలు విప్పి చదును చేస్తోంది. చూసి కూడా లేవలేదు.

"మీ అమ్మది గుండెనొప్పని నేను పోల్చుకోవాల్సింది. పోల్చుకోలేదు. చూడనే లేదు. ఇందులో అంతా రాశాను."

కూతురు చేతిలో పని ఆపలేదు. "మీరు మా అమ్మకి పేరు పెట్టారుగా. అమ్మకి తెలుసు. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పేది. 'అక్కడ అందరూ నన్ను గుర్తుపడతారే, ముద్దుపేరు కూడా పెట్టారు' అని."

పెద్ద సిస్టర్ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"ఏడవకండి" అంది కూతురు. "మీరు ఏడిస్తే నేను ఓదార్చాలి. నాకంత ఓపిక లేదు. సంతకం పెట్టారా?"

"పెట్టాను."

"తేదీ వేశారా?"

"వేశాను."

కూతురు కాగితం తీసుకుని, మడిచి జాకెట్టులో దోపుకుని, లోపలికెళ్లి తలుపేసుకుంది.

విచారణ ఏడు నెలలు సాగింది. సూపరింటెండెంటుకి బదిలీ అయింది. కూతురికి 'చింతిస్తున్నాము' అని ఒక పేజీ ఉత్తరం వచ్చింది. అలాంటి లక్షణాలతో ఎవరొచ్చినా పది నిమిషాల్లో ఈసీజీ తీయాలని గోడకి బోర్డు కట్టారు. రద్దీ లేని రోజుల్లో అది అమలవుతుంది. పెద్ద సిస్టర్‌ని బల్ల దగ్గర్నుంచి తీసేసి దుప్పట్ల స్టోరుకి పంపారు. ఇంటిగుట్టు బయటపెట్టిందని తోటి నర్సులు ఆమె పక్కన కూర్చుని అన్నం తినడం మానేశారు.

అటెండరు ఒక్కడే అప్పుడప్పుడూ వచ్చేవాడు. ఒకరోజు గుమ్మంలో నిలబడి, నేల చూస్తూ చెప్పాడు. "ఆ అమ్మాయికి చెయ్యి తెగిందట సిస్టర్. సీసా పగిలి, లోతుగా. మన గేటు ముందునుంచే నడిచెళ్లి, బస్సెక్కి, అటు చివరున్న ఆసుపత్రికి పోయిందట. దారంతా రక్తమేనట."

పెద్ద సిస్టర్ చేతిలో సగం మడిచిన దుప్పటి ఉంది. "ఎన్ని కుట్లు పడ్డాయి?" అని అడిగింది.

"తెలీదు సిస్టర్. మనకెవరు చెబుతారు?"