రెండు పిలుపులు

దీపాలు పెట్టే వేళ వీధిలోంచి ఎవరైనా పిలిస్తే మూడో పిలుపుదాకా పలకకూడదు. ముత్తియాల్‌పేటలో తెలుగు మాట్లాడే ఇళ్ళలో ఇంకా ఈ పట్టింపు ఉంది. మనిషైతే మూడోసారీ పిలుస్తాడు. మనిషి కానిది రెండుతో ఆగిపోతుంది. దానికి పలికినవాళ్ళు దాని వెంట పోతారు.

నరసింహన్ ఇంట్లో ఈ పట్టింపును భార్య అమృతవల్లి చట్టంలా నడిపింది. దానివల్ల ఎక్కువ ఇబ్బంది పడింది కూడా ఆమే. మార్కెట్టు నుంచి బరువు సంచితో వచ్చి, మూసిన తలుపు ముందు నిలబడి, "పాపా... పాపా..." అని రెండుసార్లు పిలిచి, లోపల అలికిడి లేకపోతే, "పాపా, నేనేనే, తలుపు తీయే" అని అరిచేదాకా కూతురు నివేదిత కుర్చీలోంచి లేచేది కాదు. "నువ్వు నేర్పిందే గదమ్మా" అనేది నవ్వుతూ.

అమృతవల్లి పోయి ఏడాది దాటింది. నివేదితకు బిజినెస్ స్కూళ్ళ నుంచి కబుర్లు మొదలైన రోజుల్లోనే, సాయంత్రాలు వీధి తలుపు అవతల ఆ పిలుపు వినబడసాగింది. "పాపా... పాపా..." రెండుసార్లే. అదే గొంతు. బరువు మోసుకొచ్చిన మనిషి ఆయాసం కూడా అందులో ఉంది.

మొదటిసారి విన్నప్పుడు నరసింహన్ చేతిలో అగ్గిపుల్ల వేలిదాకా కాలింది. తలుపు తీసి చూస్తే అరుగు మీద ఎవరూ లేరు. కాలేజీలో ఫిజిక్సు చదివి, మిల్లు స్టోర్సులో పనిచేసి రిటైరయిన మనిషి. తన చెవులకే ఏదో అయిందనుకుని కూతురికి చెప్పలేదు. భయమల్లా ఒకటే, ఏదో ఒక రోజు పలికేస్తానేమోనని. గొంతుదాకా వచ్చిన మాటను మింగిన సాయంత్రాలు ఉన్నాయి.

నివేదిత ఒక చిన్న కంపెనీలో లెక్కలు చూస్తోంది. ఎంబీఏకి నాగపూర్‌లో పేరున్న చోట సీటూ స్కాలర్‌షిప్పూ వచ్చాయి. కోయంబత్తూరు కాలేజీ ఇంటర్వ్యూ మిగిలి ఉంది. ఊళ్ళోనే సాయంత్రం క్లాసులు నడిపే కాలేజీ ఒకటి, అడగడమే ఆలస్యం, చేర్చుకుంటామంది.

కోయంబత్తూరు వాళ్ళ ఇంటర్వ్యూ లాప్‌టాప్‌లో, ఒక సాయంత్రం. నరసింహన్ వంటింటి గుమ్మంలో చప్పుడు చేయకుండా నిలబడ్డాడు. తెరమీద కళ్ళద్దాల పెద్దమనిషి "నివేదితా" అన్నాడు. అదే క్షణంలో వీధిలోంచి "పాపా..." అని వచ్చింది.

నివేదిత బిగుసుకుపోయింది.

"నివేదితా, వినబడుతోందా?" అన్నాడాయన.

"పాపా..." అంది వీధి.

నోరు తెరిస్తే వీధికి పలికినట్టవుతుందేమోనని పెదాలు బిగించి, కళ్ళు తలుపు మీద పెట్టి, పిల్ల అలాగే కూర్చుంది. ఆ పెద్దమనిషి కాసేపు చూసి, పక్కవాళ్ళతో ఏదో అన్నాడు. తెర ఆరిపోయింది.

"నెట్ పోయింది నాయనా" అంది నివేదిత.

నెట్ పోలేదు. చివరిదాకా ఆయన పెన్నుతో టేబుల్ మీద తట్టడం నరసింహన్ చూస్తూనే ఉన్నాడు. పిలుపు తన చెవుల్లోనిది కాదని అప్పుడు తెలిసింది.

ఆదివారం అమృతవల్లి అన్న చెంగల్రాయన్ వచ్చాడు. మోటార్లకు కాయిల్ చుట్టే షాపు ఆయనది. మర్నాటిలోగా నాగపూర్‌కి జవాబు చెప్పాలని విని కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"బిజినెస్ నేర్చుకునేదానికి స్కూలెందుకు? నన్ను చూడు. మోటారు కాలితే జనం వస్తారు. అంతే బిజినెస్."

"మీ షాపులో బిల్లులు రాసేది అత్త గద మామా?"

"అందుకే నష్టం" అన్నాడాయన. "నాగపూర్ యాడుండాది, ఈ ఊరు యాడుండాది? నువ్వు పోతే మీ నాయనకి ఇడ్లీ పోసేదెవురు?"

"ఇడ్లీ నేనే పోస్తా ఉండా బావా" అన్నాడు నరసింహన్. "ఈ పిల్లకీ నేనే పెడతా ఉండా."

"అది బయట చెప్పుకోవద్దు."

నివేదిత నవ్వింది. తర్వాత నేలకేసి చూస్తూ, "ఈడే చేరతా మామా. నాగపూర్ వద్దని రాసేస్తా" అంది.

నరసింహన్‌కి ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఆ హాయికి సిగ్గుపడ్డాడు. చెంగల్రాయన్ వెళ్ళాక కాఫీ కలిపి కూతురి ముందు పెట్టి, "ఆ దినం నెట్ పోలేదు గద నివీ" అన్నాడు.

ఆమె గ్లాసు ముట్టుకోలేదు. "నీకూ వినబడతా ఉండాదని నాకెప్పుడో తెలుసు. అది పిలిచినప్పుడు నీ పెదాలు కదుల్తాయి నాయనా. నేను పోయినాక, ఒకనాడు నువ్వు పలుకుతావు. అందుకే నేను పోను."

వీధిలో ఆటో ఒకటి దగ్గుతూ వెళ్ళింది. అబద్ధం చెప్పడానికి అంత సమయం చాలు. కానీ నరసింహన్ చెప్పలేదు.

"పలకాలని ఉండేది నిజమే" అన్నాడు. "కానీ ఈ పట్టింపు మీ అమ్మకి మనకంటే బాగా తెలుసు. మనం రావాలనుంటే మూడోసారి పిలిచుంటుంది. రెండుతో ఆపేస్తా ఉండాదంటే, రావద్దనే."

"అది అమ్మేనని నీకెట్ల తెలుసు?"

"తెలీదు." కాఫీ గ్లాసు ఆమె వైపు జరిపాడు. "అమ్మ కాకపోతే, పలికేదానికి నాకేం పని?"

వెలుతురు తగ్గింది. ఇద్దరూ లైటు వేయలేదు. అప్పుడే తలుపు అవతల, చెక్కకు పెదాలు ఆనించినంత దగ్గరగా, "పాపా..." అని వచ్చింది. నివేదిత తండ్రి నోటినే చూస్తోంది. "పాపా..."

నరసింహన్ పెదాలు కదల్లేదు. తర్వాత పక్కింట్లో కుక్కర్ కూత వేసింది. అంత మామూలు చప్పుడు విన్నందుకు ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

నివేదిత ఫోను తీసి నాగపూర్‌కి వస్తానని రాసింది.

కూతురు వెళ్ళిన మొదటి సాయంత్రం నరసింహన్ దీపం పెట్టి, పళ్ళు బిగించి, కుర్చీలో కూర్చున్నాడు. పూలమ్మి వెళ్ళింది. స్కూటర్లు వెళ్ళాయి. చీకటి పడింది. పిలుపు రాలేదు. మర్నాడూ, మూడోనాడూ రాలేదు. పలకకుండా ఉండడానికి సిద్ధపడ్డాడు గానీ, పిలవకపోతే ఎట్లా ఉండాలో ఆయన ఆలోచించుకోలేదు. నాలుగో సాయంత్రం తలుపు దగ్గరికి వెళ్ళి గడియ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు.

అప్పుడు ఫోను మోగింది.

"తిన్నావా నాయనా?" నివేదిత గొంతు ఉత్సాహంగా ఉంది. గదిలో భోపాల్ పిల్ల ఒకతి ఉందట, మంచిదట, కిటికీ పక్కనున్న తన మంచం ఈమెకిచ్చేసిందట. "మొదటి క్లాసులోనే నన్ను లేపి అడిగినారు. గబుక్కున చెప్పేసినా. మూడోసారి దాకా ఆగితే ఈడ..."

మాట మధ్యలో ఆగింది.

ఆమె వెనక, హాస్టల్ వరండాలోంచి కాబోలు, ఫోనులో స్పష్టంగా వినబడింది. "పాపా..."

నరసింహన్ ఊపిరి బిగబట్టాడు. అటువైపు నివేదిత కూడా బిగబట్టింది.

"పాపా..."

ఇద్దరూ మూడోదాని కోసం చెవులు రిక్కించారు. రాలేదు.

"పలకలా నాయనా" అంది నివేదిత గుసగుసగా.

"మంచిది తల్లీ."

"ఆయాసపడతా ఉండాది. ముందుకన్నా ఎక్కువగా."

దూరం గదా అనబోయి నరసింహన్ ఆగాడు. గడియ మీంచి చెయ్యి తీసి, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "తలుపేసుకొని కూర్చో. రేపటికి చదవాల్సింది ఉండాదా?"

"చాలా ఉండాది. ఫోను పెట్టెయ్యద్దు."

"పెట్టను. చదువు" అన్నాడు. నాగపూర్‌లో పేజీ తిరిగిన చప్పుడు ఆయనకు వినబడింది.