గిర్ని అంబవ్వకు తొమ్మిది మంది

లక్ష్మీరాజం ఆరు బీరువాలు తుడిచి ఏడోదాని తలుపు తీసేసరికి తొమ్మిదిన్నర అయింది. ఎడమచేత్తో నాలుగేసి పుస్తకాలు ఒత్తిపట్టి బయటికి తీయాలి. కుడిచేతిలోని పాత బనీను గుడ్డతో దుమ్ము దులపాలి. అట్టకు అట్ట ఆనించి మళ్లీ నిలబెట్టాలి. ముప్పై మూడేళ్లుగా ఎల్లారెడ్డి గ్రంథాలయంలో అటెండరుగా ఆయన రోజు ఇలాగే మొదలవుతోంది. పొట్టి మనిషి, పై అర అందదు. ఇనుప స్టూలు ఎక్కినప్పుడల్లా కుడి మోకాలు కటుక్కుమంటుంది. చొక్కా జేబు ఎప్పుడూ ఉబ్బెత్తుగా ఉంటుంది. అందులో ఉండేవి పైసలని ఎవరైనా అనుకుంటే పొరపాటే, అవి బస్సు టికెట్లు. నాగిరెడ్డిపేట నుంచి రోజూ వచ్చే బస్సులో తీసుకున్న టికెట్టును ఆయన పారేయడు, చదువుతున్న పుస్తకంలో గుర్తుగా పెట్టుకుంటాడు. ఈ గ్రంథాలయంలో ఏ పుస్తకం దులిపినా ఒక టికెట్టు రాలుతుంది.

ఆ రోజు ఆయన రిటైరవుతున్నాడు. అందుకు పెద్దగా బాధేమీ లేదు, మోకాలికైతే సంతోషం కూడా. ఆయన బాధంతా గ్రంథపాలకురాలు ప్రమీల టేబుల్ మీది జాబితా గురించే. అయిదేళ్లుగా ఎవరూ ఇంటికి తీసుకుపోని పుస్తకాలను ఏరి చిత్తుకాగితాల కింద పంపాలని పైనుంచి కాగితం వచ్చింది. నాలుగు గంటలకు కామారెడ్డి నుంచి బండి వస్తుంది. ఆ జాబితాలో నూట పద్నాలుగో నంబరు నుంచి నూట ఇరవై రెండు దాకా ఉన్నవి గిర్ని అంబవ్వ పుస్తకాలు, మొత్తం తొమ్మిది భాగాలు.

గిర్ని అంబవ్వ ఊళ్లో పిండిగిర్ని నడుపుకునే ముసలమ్మ. గిర్ని మోతకు చెవులు సగం పోయాయి కానీ ఊళ్లో ఏ దొంగతనం జరిగినా దొంగను పట్టేది ఆమే. హత్యలుండవు, నెత్తురుండదు. పోయేవన్నీ చిన్నచిన్నవే: పందెపు పుంజు, జీపు టైరు, సర్పంచి పెట్టుకునే కట్టుడు పండ్ల సెట్టు. పోలీసులు ప్రతిసారీ ఎవరో అమాయకుణ్ణి పట్టుకుంటారు. అంబవ్వ మాత్రం పిండి పట్టుకుంటూ, గిర్నికి వచ్చినవాళ్ల పెదాల కదలిక చూస్తూ సంగతి తేల్చేస్తుంది. రాసినదెవరో ఇప్పుడు తెలియదు, అట్టల మీద పేరున్న చోటును చెదలు తినేశాయి. లక్ష్మీరాజం ఏడో తరగతి దాకా చదివినవాడు. ఆయన మొదటిసారి తనంతట తాను, ఎవరూ చెప్పకుండా, చివరిదాకా చదివిన పుస్తకాలు ఇవే.

గుడ్డ భుజాన వేసుకుని మేడం ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"మేడం, ఆ తొమ్మిది గూడ పంపుడేనా?"

ప్రమీల వచ్చి ఆరు నెలలయింది. మంచి మనిషే, కాకపోతే కాగితం మీద లేనిది లోకంలో లేదనుకునే రకం. ఒక భాగం తీసి వెనక పేజీ తిప్పి, అక్కడ అంటించిన తేదీల చీటీ చూపించింది. ఒక్క ముద్ర కూడా లేదు.

"ఒక్కలన్న తీస్కపోలేదు గదా, రాజమన్నా."

"తీస్కపోయిన్రు మేడం. నేనే ముద్ర కొట్టలే."

ముప్పై మూడేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి చివరి రోజున నోరుజారి వచ్చేసింది. ఇక దాచి లాభం లేదని అంతా చెప్పేశాడు. కార్డు కావాలంటే తెలిసిన ఉద్యోగి ఎవరైనా సంతకం పెట్టాలి, అటెండరు సంతకం చెల్లదు. బీడీలు చుట్టే ఆడవాళ్లకు సంతకం పెట్టే ఉద్యోగి ఎక్కణ్ణుంచి వస్తాడు? అందుకని తనే టిఫిన్ సంచిలో పెట్టి తీసుకుపోయేవాడు. మొదట ఇంట్లో భార్య సుగుణమ్మకు, తర్వాత ఎల్లారెడ్డి గల్లీల్లో శాంతవ్వ బృందానికి. బీడీలవాళ్ల పద్ధతి వేరు. నలుగురు చుడుతుంటే ఒకామె పైకి చదువుతుంది. చదివే మనిషి చుట్టాల్సిన కట్టలను మిగతావాళ్లు తలా కాసిన్ని చుట్టి పెడతారు. అట్లా ఒక్కో పుస్తకాన్ని ఎంతమంది విన్నారో లెక్కే లేదు. పేజీలు వాసన చూస్తే ఇప్పటికీ పొగాకు కంపు.

ప్రమీల ఒక పేజీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసి మొహం చిట్లించింది. జాబితా మరోసారి చూసింది.

"జాబితా కామారెడ్డికి పోయింది, నేను కొట్టెయ్యలేను. కని బండి అచ్చేయాల్లకు ఎవరి కార్డు మీదన్న ఉంటే, బయటున్న పుస్తకాన్ని నేనెట్ల పంపుత? పిల్లలకు చెప్త, తలొకటి తీస్కుంటరు."

"చెప్పకుండ్రి మేడం." లక్ష్మీరాజం గొంతు గట్టిగానే వచ్చింది. "పాపమని తీస్కున్నోళ్లు సదవరు. మల్ల అయిదేండ్లకు గీ జాబితనే అస్తది. సదువాలని తీస్కుంటెనే తీస్కోని."

తొమ్మిది పుస్తకాలు, ఆరు గంటల సమయం. ఆరు నెలల కింద మొదటి భాగం మేడం టేబుల్ అంచున పెట్టింది ఆయనే. ఆమె దాన్ని కాగితాలు ఎగరకుండా బరువుగా వాడుతోంది. దాని జోలికి పోకుండా మిగతా ఎనిమిదీ చంకన పెట్టుకుని హాల్లోకి నడిచాడు.

ఇప్పుడు గ్రంథాలయానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పోటీ పరీక్షలవాళ్లే. ఎవరి పుస్తకాలు వాళ్లు తెచ్చుకుంటారు, ఇక్కడి బల్లలూ ఫ్యాన్లూ మాత్రం వాడుకుంటారు. ఎల్లారెడ్డి పక్క తండా నుంచి వచ్చే రాజి కానిస్టేబుల్ పరీక్షకు చదువుతోంది. ఆమె ఎదుటి కుర్చీలో కూచుని రెండో భాగం తెరిచాడు.

"గిది సిలబస్‌ల లేదు కాకా," అంది రాజి తల ఎత్తకుండానే.

"లేదు బిడ్డా. కని నువ్వు పోలీసు గావాలంటివి. ఇండ్ల పోలీసులు ఒక్క దొంగను గూడ పట్టరు, పిండి పట్టే ముసలామె అందర్ని పడ్తది. పోలీసులేడ తప్పుతున్నరో నీకు తెల్వద్దా?"

జవాబుకు ఆగకుండా చిన్న గొంతుతో చదవడం మొదలుపెట్టాడు. సర్పంచి పండ్ల సెట్టు పోయింది. పోయిన సంగతి చెప్పాల్సింది ఆయనే. కానీ పండ్ల సెట్టు లేకుండా ఆయన చెప్పేది ఊళ్లో ఒక్కడికీ అర్థం కాలేదు. ఎస్సై రాసుకున్న ఫిర్యాదులో పండ్ల సెట్టు బదులు గొడ్ల కొట్టం పోయినట్టు ఉంది. ఇద్దరు కానిస్టేబుళ్లు కొట్టాన్ని వెతుక్కుంటూ పొలాల వెంట బయల్దేరారు. కొట్టం ఉన్నచోటే ఉండడం చూసి, దొంగ భయపడి తిరిగి తెచ్చిపెట్టాడని రాసుకున్నారు. ఆ రాత్రి అంబవ్వ పిండి జల్లెడ పడుతుంటే జల్లెడలో ఏదో టకటకమంది.

లక్ష్మీరాజం పుస్తకం మూసేశాడు. ఆయన విద్యంతా ఇదే. కథ బాగుందని ఎవరికీ చెప్పడు. పేజీన్నర చదువుతాడు, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపేస్తాడు.

"ఏముండె జల్లెట్ల?" అంది రాజి.

"నాకేమెర్క? కార్డు తియ్యి."

రాజి పకపకా నవ్వేసింది. పక్క బల్ల మీది ఇద్దరమ్మాయిలు తలలెత్తారు. వాళ్లలో ఉమాదేవి జీపు టైరు అడిగి తీసుకుంది. పుంజు కథ కోసం మిగతా అమ్మాయీ, కిటికీ దగ్గరి అబ్బాయీ కాసేపు వాదులాడుకున్నారు. లక్ష్మీరాజం అబ్బాయికి అయిదో భాగం ఇచ్చి, అందులో పోయేది పరీక్ష పేపరని చెప్పాడు. అతను వెంటనే కార్డు తీశాడు. ప్రమీల నాలుగుసార్లు తేదీ ముద్ర కొట్టింది. ఒక్కో దెబ్బ పడ్డప్పుడల్లా లక్ష్మీరాజం ఛాతీ కాస్త ముందుకు వచ్చింది.

పన్నెండింటికి రాజయ్య పేపరు ముగించాడు. ఈయన భూములున్న రైతు. రోజూ పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, అన్నీ అబద్ధాలేనని ప్రకటించి ఇంటికి పోతాడు. కార్డు ఉంది, ఇరవై ఏళ్లుగా వాడలేదు.

"ఇండ్ల గూడ అన్ని అబద్ధాలే పటేలా," అన్నాడు లక్ష్మీరాజం ఆరో భాగం చాపుతూ. "కని ముందుగాల్నే ఒప్పుకుంటరు."

రాజయ్య అట్ట కేసి, ఆయన కేసి మార్చిమార్చి చూశాడు. "గట్లయితే ఇయ్యి. ఒక్కడన్న నిజం చెప్పిండు," అన్నాడు.

ఒంటిగంటకు హాలు ఖాళీ అయింది. ఆ తర్వాత వచ్చిన ఇద్దరు ఫోన్లు చార్జింగ్ పెట్టుకుని, పుస్తకం వంక చూడకుండానే వెళ్లిపోయారు. ఇంకొకాయన తనకు కళ్లు గుంజుతాయన్నాడు. లక్ష్మీరాజం వెనక గదిలో టిఫిన్ విప్పాడు కానీ తినకుండా మిగిలిన పుస్తకాలు ముందేసుకుని కూచున్నాడు. అప్పుడే సుగుణమ్మ ఫోన్ చేసింది. పొద్దున మేడంతో మాట్లాడాక ఆమెకు ఫోన్‌లో అంతా చెప్పాడు.

"ఎన్ని పోయినయి?"

"అయిదు. నాలుగున్నయి. మనుషులే దొరుకుతలేరు."

"నువ్వు తిను ముందు," అని ఆమె ఫోన్ పెట్టేసింది. పెట్టేసి ఎవరికి చేసిందో రెండున్నరకు తెలిసింది.

శాంతవ్వ, హన్మవ్వ, చిన్నవ్వ గ్రంథాలయం మెట్లెక్కారు. ముప్పై ఏళ్లుగా ఆ పుస్తకాలు వాళ్లవి. కానీ లోపలికి రావడం అదే మొదటిసారి. శాంతవ్వ గోళ్ల సందుల్లో తంబాకు పొడి ఇంకా ఉంది. ముగ్గురి చేతుల్లోనూ ఆధార్ కార్డులున్నాయి.

"తమ్మీ, మా అంబవ్వను తూకానికేస్తున్నరట గదా. మా పేర్ల మీద రాయి," అంది శాంతవ్వ.

"మీరు సదివినయేనాయె అక్కా," అన్నాడు లక్ష్మీరాజం.

"ఇన్నం. సదివింది దేవవ్వ, ఆమె పోయి రెండేండ్లాయె. కండ్లకద్దాలు పెట్టుకొని మేమే ఎన్నడన్న సదివినమా? ఇగ మేం సదువుతం."

సంతకం పెట్టే ఉద్యోగి ఎవరన్న ప్రశ్న మళ్లీ వచ్చింది. లక్ష్మీరాజం నేల చూశాడు. ప్రమీల మూడు దరఖాస్తులూ తన ముందుకు లాక్కుని, హామీ ఇచ్చేవారి గడిలో తన పేరు రాసి సంతకాలు పెట్టింది. పెట్టి, కార్డులు రాస్తూ అడిగింది, "ఏముంటదవ్వా గింతగనం ఇండ్ల?"

శాంతవ్వ కుర్చీ అంచున కూచుంది. "లగ్గం మేడం. నాలుగు వందల మందికి మటన్ వండిన్రు. మనిషంత గంజు. వడ్డిద్దామని పోయి సూస్తే గంజు లేదు. మూతతోని సహా మాయం. కింద పొయ్యి మాత్రం మండుతనే ఉంది. పెండ్లికొడుకు తండ్రి నెత్తికి రుమాలు సుట్టుకొని అంబవ్వ దగ్గరికి ఉరికిండు. ఆమె ఒక్కటే అడిగింది..."

అక్కడ ఆపి లేచి నిలబడింది.

"ఏమడిగింది?" అంది ప్రమీల.

"మిగిలింది సదువుకోవాలె మేడం. గా మీ కాగితాల మీద బరువు పెట్టిన్రు సూడు, గదే మొదటి భాగం."

లక్ష్మీరాజం మొహం అటు తిప్పుకున్నాడు. ఎక్కడ ఆపాలో ఆయన ఎవరికీ నేర్పలేదు. అయినా శాంతవ్వకు వచ్చేసింది. ఆ క్షణాన ఆయనకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. ముగ్గురు ఆడవాళ్లు తమ పేర్లున్న కార్డులు రెండు చేతులతో అందుకుని, మెట్ల మీదే పుస్తకాలు తెరిచి చూసుకుంటూ పోయారు.

నాలుగుకు పది నిమిషాలుండగా బండి వచ్చింది. డ్రైవరు జైసింగ్ గోనె సంచులు మోసుకుపోతూ జాబితా సరిచూశాడు. ఎనిమిదింటి ఎదురుగా బయటికి పోయినట్టు రాసి ఉంది.

"నూట పద్నాలుగు ఏది మేడం? మటన్ గంజని ఉన్నది."

ప్రమీల తల ఎత్తలేదు. ఆగమన్నట్టు ఎడమచెయ్యి గాల్లోకి లేపింది. కుడిచేతిలో నూట పద్నాలుగు తెరిచి ఉంది. అది పట్టుకుని ఎంతసేపయిందో ఆమెకే తెలియదు, టీ చల్లారి మీగడ కట్టింది. జైసింగ్ ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చాడు. అంతలో ఆమె, వెనక గోడ మీద నిశ్శబ్దం అన్న బోర్డు కిందే, బల్ల కదిలిపోయేలా నవ్వింది. కళ్లు తుడుచుకుని, సొరుగులోంచి తన కార్డు తీసి, పుస్తకం వెనక పేజీ తిప్పి గట్టిగా ముద్ర కొట్టింది.

"గది బయటికి పోయిందన్నా. రాస్కో."

బండి ఖాళీగా పోలేదు, నలభై సంచులు పట్టుకుపోయింది. కానీ వాటిలో అంబవ్వ లేదు. లక్ష్మీరాజం గెలిచాడు. జీవితంలో ఇంతకు ముందు ఎప్పుడు గెలిచాడో ఆయనకు గుర్తు లేదు, గుర్తుచేసుకోవాలనీ అనిపించలేదు.

నాలుగున్నరకు శాలువా కప్పారు. రాజయ్య పేపర్ల మీద కోపం మరచి నాలుగు మంచి మాటలు చెప్పాడు. రాజి మిక్చరు పంచింది, జల్లెట్లో టకటకమన్నది ఏమిటో తనకు తెలిసిపోయిందని ఆయన చెవిలో చెప్పింది. అందరూ వెళ్లాక లక్ష్మీరాజం కిటికీలు మూశాడు, ఫ్యాన్లు ఆపాడు, తాళాల గుత్తి మేడం బల్ల మీద పెట్టాడు. ప్రమీల వెనక గదిలో గ్లాసులు సర్దుతోంది. వెళ్లొస్తానని చెబితే ఏడుపు వస్తుందేమోనని భయపడి, చెప్పకుండానే అయిదు గంటల బస్సుకు వెళ్లిపోయాడు.

ప్రమీల వచ్చి కుర్చీలో కూచుంది. వెనక్కి తిరగకుండానే, "గంజు పెండ్లికొడుకు మేనమామే లేపిండు గదా, రాజమన్నా?" అంది. జవాబు రాలేదు. చూస్తే స్టూలు గోడకు ఆనించి ఉంది, బనీను గుడ్డ మడతపెట్టి దాని మీద ఉంది. పుస్తకం చేతిలోకి తీసుకుంది. గ్లాసులు సర్దడానికి లేచే తొందరలో తెరిచిన పేజీ మీదే బోర్లించి పోయిన పుస్తకం ఇప్పుడు మూసి ఉంది. ఏ పేజీలో ఆపిందో గుర్తు లేదు, మళ్లీ మొదట్నుంచి వెతుక్కోవాలనుకుంది. కానీ పుస్తకం తనంతట తానే ఇరవై మూడో పేజీ దగ్గర తెరుచుకుంది. సరిగ్గా ఆమె ఆపిన చోట, ఆ ఉదయం నాగిరెడ్డిపేట నుంచి ఎల్లారెడ్డికి కొట్టిన బస్సు టికెట్టు ఉంది.