లెక్కలో లేని గొట్టం

సుజానా మొదటిసారి ఆ ఊరికి వచ్చినప్పుడు జనం టవరు దరిదాపులకు కూడా పోవడం లేదు. పాచిపెంట పైన కొండల్లో, గట్టిగా ముప్పై గడప లేని ఊరు. ఊరి నెత్తిన, కొండవాలులో, కొత్త కరెంటు లైను టవరు నాలుగు కాళ్లూ పాతుకుని నిలబడింది. దాన్ని చూసి పశువుల్ని అటు తోలడం మానేశారు. తమ ఇంట్లో ఒక్క బల్బు వెలిగించని కరెంటు తమ నెత్తిమీదుగా ఎవరి ఊరికో పోతుంటే ఎవరికి మాత్రం ప్రేమ పుడుతుంది?

ఆ భయం తీర్చడానికే లైను వేసిన కంపెనీ సుజానాను పంపింది. సాలూరు పంతులమ్మ కూతురు, కొండవాళ్లతో మాట్లాడటం తెలిసిన పిల్ల అనుకున్నారు. నిజానికి ఆమె పనంతా విశాఖపట్నంలో, కంప్యూటరు ముందు. పిడుగు పడితే టవరు కాళ్లలోంచి దిగిన కరెంటు నేలలో ఎలా పరుచుకుంటుందో లెక్కగట్టాలి. మట్టినీ, మట్టి కింది రాతినీ లెక్కలో వేల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఎన్ని వోల్టులుంటాయో తేల్చి, రంగుల బొమ్మ తీయాలి. ప్రాణం పోయే చోట ఎరుపు, భయం లేని చోట నీలం. కొండనంతా లెక్కలో పెడితే ఆ రోజుల్లో కంప్యూటరు మూలుగుతూ కూర్చునేది గనక, టవరు చుట్టూ కొంత దూరంలో గీత గీసి, అవతలంతా సున్నా అని చెప్పేసేవారు. అందరూ చేసే పనే. ఊరు ఆ గీతకు అవతల ఉంది, సున్నాలో.

ఆ బొమ్మ చూపిస్తే జనానికి ఏం తెలుస్తుంది? చివరికి సుజానా తనే వెళ్లి, అందరూ చూస్తుండగా టవరు కాలి మీద అరచెయ్యి ఆనించి నవ్వింది. ఉరుములప్పుడు మాత్రం దూరంగా ఉండండని కూడా అన్నది. కానీ చేతిని చూశాక మాట ఎవరు వింటారు!

ఏడాది తిరిగాక, తొలకరి రోజుల్లో, నేల కొలతలు తీసుకోవడానికి మళ్లీ వచ్చింది. ఈసారి ఊళ్లో భయం మచ్చుకైనా లేదు. కనక అనే ఆవిడ ఇంట్లో చోడి అంబలి పోశారు. కనకకు నెలలు నిండుతున్నాయి. కొండమీది ఊట నుంచి ఊళ్లోకి కుళాయి వచ్చిందనీ, ఈ కడుపుతో నీళ్లకోసం కింది గెడ్డవాగుకు దిగే బాధ తప్పిందనీ మురిసిపోతూ చెప్పింది. ఇనప గొట్టాలు చర్చివాళ్లు ఇప్పించారట, మోసిందీ అతికిందీ ఊరివాళ్లేనట. సుజానా కూడా మురిసిపోయింది. ఇనప గొట్టమన్న మాట చెవిన పడ్డా ఆమెకేమీ తట్టలేదు, అంబలి మాత్రం ఇంకో గిన్నె తాగింది.

కనక మొగుడు భీముడు కొలతల పెట్టె మోసుకుని టవరు దాకా దారి తీశాడు. అక్కడికి పోయాక సుజానా చూపు టవరు కాలి దగ్గర ఆగిపోయింది. ఊట నుంచి దిగిన గొట్టం టవరు కాలిని ఆనుకుని ఉంది. ఆనుకోవడం కూడా కాదు, తీగతో చుట్లు చుట్టి బిగించేశారు. అక్కడి నుంచి దారి వెంబడే తిన్నగా ఊళ్లోకి పోయింది.

"వానొత్తే మట్టి జారి గొట్టం ఊడొచ్చేత్తంది. దీనికి కట్టేత్తే కదల్దు," అన్నాడు భీముడు గొప్పగా. "నువ్వు సెయ్యెట్టి సూపించినావు గదా, ఇంకేటి భయమని నేనే కట్టినాను."

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. ఆ కొరివిని చేతికిచ్చింది తనే. టవరు మీద పిడుగు పడితే ఆ లక్షల వోల్టులు ఈ గొట్టం పట్టుకుని ఆమె గీసిన గీత దాటి, తిన్నగా కుళాయి దాకా పోతాయి. అక్కడ నేల సున్నా. కుళాయి మీద చెయ్యి, తడి సిమెంటు మీద ఒట్టి కాళ్లు, మధ్యలో మనిషి ఒళ్లే కరెంటుకి దారి. ఆమె బొమ్మలో ఆ చోటికి రంగే లేదు.

అరకు వైపు కొండల మీద ఉరిమింది. సంగతి విన్న భీముడు తీగ విప్పడానికి చెయ్యి చాపాడు. సుజానా అతని చొక్కా పట్టి వెనక్కి లాగింది. ఇద్దరూ కిందికి పరుగెత్తారు. దారి నిట్టనిలువు, పైగా చినుకులకు జారుతోంది. గట్టు మీద చేతికందే ఎత్తులో గొట్టం ఉంది, ఊరివాళ్లంతా దాన్ని పట్టుకునే ఎక్కుతారు, దిగుతారు. రెండుసార్లు జారింది సుజానా. రెండుసార్లూ చెయ్యి దానంతటదే గొట్టం మీదికి పోయింది. రెండోసారి చేతిని పొట్టకు అదుముకుని బురదలో పడిపోయింది. అంత భయం ఆమె పుట్టి బుద్ధెరిగాక పడలేదు.

కుళాయి దగ్గర ఆడవాళ్లు నలుగురైదుగురున్నారు. భీముడి అరుపుకు మిగతావాళ్లు వెనక్కి తగ్గారు గానీ, కనక ఒక చెయ్యి కుళాయి మీద వేసి, సిలవరు బిందె కేసి చూస్తూ నిలబడింది. సుజానా రెండడుగుల దూరంలో ఆగిపోయింది. లాగేద్దామని చెయ్యి ఎత్తింది, కానీ ఈలోగా పిడుగు పడితే తనూ పోతుంది. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. అందుకు సిగ్గేసింది, అయినా చెయ్యి కదలలేదు.

"బిందె నిండనీ అమ్మా," అంది కనక. "ఉరుముకి నీకు భయమేటి? టవర్నే ముట్టుకున్నావు గదా నువ్వు."

"ఆ రోజు నేను చేసింది తప్పు కనకా. నాకు భయంగా ఉంది. వదిలేసి రా."

 కనక ఆమె ముఖం చూసి, కుళాయి వదిలి వచ్చింది. సుజానా ఆవిడ మణికట్టు పట్టుకుని పక్క ఇంటి వసారాలోకి లాక్కుపోయింది. మనుషులు తప్పుకోవడం చూసి కనక పెంచే మేక వెళ్లి కారుతున్న కుళాయికి మూతి పెట్టింది. భీముడు దాన్ని అదిలించబోయాడు, సుజానా పోనివ్వలేదు.

కొండ మీద తెల్లటి వెలుగు, ఆ వెంటనే చప్పుడు. కళ్లు తెరిచేసరికి మేక పక్కకు ఒరిగి ఉంది. ఒంటి మీద చిన్న మచ్చ లేదు. కుళాయి నీళ్లు దాని మెడ మీద పడుతూనే ఉన్నాయి.

 కనక రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని మేకనే చూసింది. తర్వాత సుజానా వైపు తిరిగింది. గొంతులో కోపం కూడా లేదు.

"ఈ లైను ఎమ్మట ఇంకెన్ని ఊళ్లల్లో ఇలాగ సెయ్యెట్టి సూపించినావమ్మా?"

సుజానా లైను పోయిన వైపు చూసింది. ఇక్కడి నుంచి కురుపాం దాకా, టవరు నీడ పడే ప్రతి ఊళ్లోనూ చూపించింది. వాన కొండ దాటి అటే పోతోంది.