చూరు మీద అల్లుడు

అల్లుడికి బీమా కంపెనీలో ఉద్యోగం. ప్రమాదాలు ఎటునుంచి ముంచుకొస్తాయో జనానికి విడమరిచి చెప్పి భయపెట్టడం ఆయన పని. అంతటి జ్ఞాని కాబట్టే, ఆ ఆదివారం భార్య బజారుకు వెళ్ళిన సమయం చూసుకుని, నిచ్చెన పట్టుకునే దిక్కు లేకుండా పెంకుల కప్పు ఎక్కాడు.

దిక్కు బొత్తిగా లేకపోలేదు. పెరట్లో అత్తగారు ఉంది. కాకపోతే చలికాలం నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అప్పట్లో పెరడు బాగుచేస్తానని నడుం బిగించి, ఆవిడ నాటుకున్న చామంతి నారంతా కలుపనుకుని వేళ్ళతో సహా పీకేశాడు. పైగా, "పూలమొక్కలని వాటి మొహాన రాసుందా?" అన్నాడు. అప్పట్నుంచి ఒకే బల్ల దగ్గర భోంచేస్తూ కూడా, "మీ ఆయనకి ఉప్పు అందించవే" అని ఆవిడా, "టీవీ సౌండు తగ్గించమని మీ అమ్మకి చెప్పు" అని ఈయనా. మధ్యలో ఆ ఇల్లాలు అటు మాట ఇటు, ఇటు మాట అటు మోస్తూ, దారిలో ఘాటు కాస్త తగ్గిస్తూ కాపురం నెట్టుకొస్తోంది.

వానలు దగ్గరపడ్డాయి. చూరు వెంట నీళ్ళు పోయే రేకు కాలువ నిండా ఏడాది చెత్త పేరుకుంది. మనిషిని పిలిపిద్దామంది భార్య. నాలుగు ఆకులు తీయడానికి మనిషెందుకన్నాడు. ఎక్కాడు. రెండు దోసిళ్ళు తీసి, తన పనితనానికి తనే మురిసిపోతూ ఇంకాస్త పక్కకు జరగబోయి కాలితో నిచ్చెనను తన్నాడు. అది దభీమని గడ్డిలో పడింది. ఫోను మాత్రం వంటింటి గట్టు మీద క్షేమంగా ఉంది.

పైపుతో మొక్కలకు నీళ్ళు పెడుతున్న అత్తగారు చప్పుడుకి తల తిప్పింది. నిచ్చెనను చూసింది. పైకి చూసింది. మళ్ళీ గులాబీ వైపు తిరిగింది.

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. గాలి కోసం ఎక్కినట్టు ఆకాశం కేసి చూస్తూ కూర్చున్నాడు. ఆకాశం నల్లబడుతోంది. తొలి చినుకు సరిగ్గా బట్టతల మీద పడింది.

"ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అన్నాడు గాలిలోకి.

"ఏమే, నిన్నేనేమో చూడు," అంది అత్తగారు గులాబీతో.

చినుకులు చిక్కబడ్డాయి. కాలు జారి, ఒక పెంకు ఊడి కిందికెళ్ళింది. దాని వెనకే ఆయన పరువూ వెళ్ళింది.

"అత్తయ్యగారూ."

"నన్నేనా?"

"మిమ్మల్నే. నిచ్చెన పడిపోయింది."

"చూశాను. పాపం, దానికేం దెబ్బ తగల్లేదు."

అన్నదే గానీ, కుళాయి కట్టేసి గబగబా వచ్చింది. నిచ్చెన లేపబోతే నడుం కలుక్కుమంది. ఒక్క క్షణం ఆలోచించి, నీళ్ళ పైపు ఊడదీసి, ఒక కొస నిచ్చెన పైమెట్టుకు బిగించి కట్టి, రెండో కొస పైకి విసిరింది. అది వెళ్ళి ఆయన మూతికి తగిలింది. కావాలనే అని అనుమానం వచ్చింది గానీ, అడిగే స్థితిలో లేడు.

ఆయన లాగాడు, ఆవిడ కింద తోసింది. నిచ్చెన లేచి చూరుకి ఆనింది. ఆయన కాలు పెట్టబోయాడు.

"ఆగండి. ఎలాగూ ఎక్కారు కదా, ఆ మూలదీ తీసేయండి."

"వాన పడుతోందండీ."

"అందుకేగా తీయమంటున్నాను."

నోరు మూసుకుని తీశాడు. అప్పటిదాకా చెత్తకు అడ్డుపడి నిలిచిపోయిన నీళ్ళు గొట్టంలోంచి బుడబుడమంటూ కిందికి దూకాయి. ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు. రెండు కాళ్ళూ నేల మీద ఆనేదాకా ఆవిడ నిచ్చెన వదల్లేదు.

"ఆ పెంకు ఊడినప్పుడు మీరే పడ్డారనుకున్నాను," అంది ఎటో చూస్తూ.

"ఆ చామంతులు... తెలీక పీకానండీ," అన్నాడు అల్లుడు.

"ఆ ముక్క అప్పుడే అనుంటే సరిపోయేది. తలెవరు తుడుచుకుంటారు? జలుబు చేస్తుంది."

భార్య సంచులతో తడిసి వచ్చేసరికి ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి గులాబీ కొమ్మలు ఇప్పుడు కత్తిరించాలా, వానలయ్యాకా అని ఎదురెదురుగా, నేరుగా, గొంతెత్తి వాదించుకుంటున్నారు. ఊడిన పెంకుకి మాత్రం మనిషిని పిలవాలని ఇద్దరూ అప్పటికే ఒప్పుకున్నారు. ఏమైందని అడగ్గానే ఇద్దరూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. చెరో కథ. ఆమె సంచులు అక్కడే దించి, బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళిపోయింది.