రిహార్సల్‌లో పోయిన పాట

డాక్టరు ఒక్క పాటకే ఒప్పుకున్నాడు. ఒక్కటంటే ఒక్కటి. అది పాడాక ఆపరేషన్ అయ్యేదాకా నోటి నుంచి మాటన్నది రాకూడదు, గొంతులో కణితి చిట్లిందా, ఇక తన చేతుల్లో లేదన్నాడు. ఆపరేషన్ తర్వాత మాట వస్తుంది గానీ పాటకు పూచీ లేదని కూడా మొహం మీదే చెప్పేశాడు.

ఊరంతా ఎవరెవరి పాటలో పాడిన అక్క, తానుగా కట్టుకున్న పాట అదొక్కటే. దాన్ని చెల్లెలి స్టూడియోలో పాడతానంది. రికార్డిస్టు చెల్లెలి దగ్గర బీరువా అంత డిజిటల్ టేప్ రికార్డర్ ఉంది. ఇరవై నాలుగు ట్రాకులు, కంచాలంతేసి రీళ్లు. నలభై ఏళ్ల నాటిది. విడిభాగాలు దొరకవు, కాస్త వేడెక్కితే మొరాయిస్తుంది, అయినా దాన్ని ఎవరైనా ఒక్క మాట అంటే చెల్లెలు ఊరుకోదు.

"కంప్యూటర్లో కూడా ఒకటి ఎక్కించుకో మరదలా, ఎందుకైనా మంచిది" అన్నాడు బావ పొద్దున, పాపం.

"మీ పని మీరు చూసుకోండి బావగారూ. దీన్ని నడపడం నాకు మీరు నేర్పాలా?" అని కసిరింది. అప్పుడా పొగరు చూడాలి!

మధ్యాహ్నం అక్క పాడింది. ఎలా పాడిందనీ! రెండో చరణంలో ఇదివరకెన్నడూ లేని మలుపొకటి తిరిగింది. చెల్లెలికి ఒళ్లు ఝల్లుమంది. మిషన్‌ని చూడాల్సిన మనిషి కళ్లజోడు తీసేసి, కళ్లు తుడుచుకుంటూ, అద్దం అవతలున్న అక్క మొహమే చూస్తూ కూర్చుంది.

పాట అయ్యాక టేపు ఆపి కళ్లజోడు పెట్టుకుంది. రిహార్సల్ బటన్ నొక్కే ఉంది.

ఆ బటన్ నొక్కి ఉంటే రీళ్లు తిరుగుతాయి, మీటర్లు ఎగురుతాయి, స్పీకర్లలో పాట మోగుతుంది. టేపు మీద మాత్రం ఏమీ ఎక్కదు. పాతదాని మీద కొత్తది ఎక్కించేముందు చెయ్యి తడబడకుండా సాధన చేసుకోవడానికి పెట్టిన ఏర్పాటది. పొరపాటు జరగకూడదని చెల్లెలు పొద్దున నాలుగుసార్లు సాధన చేసింది, బటన్ తియ్యడం మరిచింది. ఆ జాగ్రత్త తగలెయ్య!

ఇప్పుడు టేపు మీదున్నది పోయినవారం పాట. డాక్టరు ఈ కట్టడి పెట్టకముందు అక్క భయంభయంగా, గొంతు దాచుకుంటూ పాడినది. తప్పుల్లేవు, ప్రాణమూ లేదు.

"అయిందా? ఐదింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి" అంటూ బావ వచ్చాడు. వెనకే అక్క. మొహం వెలిగిపోతోంది. వినిపించమని వేలితో సైగ చేసింది.

చెల్లెలు టేపు వెనక్కి తిప్పింది. నిజం చెబితే అక్క మళ్లీ పాడతానంటుంది. ఆ మొండితనం తనకు తెలియనిదా? పోయినవారంది వినిపించేస్తే పోతుంది, హాయిగా వెళ్తుంది. ప్లే నొక్కింది.

"అబ్బ, అదిరిపోయింది!" అన్నాడు బావ. ఆయనకు ఏ పాటైనా అదిరిపోతుంది.

అక్క మొదటి చరణమంతా కళ్లు మూసుకుని వింది. రెండో చరణంలో కళ్లు తెరిచింది. పాట రాసిన కాగితం తిరగేసి పెన్సిలుతో రాసింది: 'ఇది పోయినవారంది.'

"అవునక్కా. రిహార్సల్‌లో ఉంచేశాను. ఒక్క ముక్క కూడా ఎక్కలేదు. నీకు అబద్ధం చెబుదామనుకున్నాను, నన్ను చంపెయ్."

"అదేంటి, ఇప్పుడే కదా విన్నాం?" అన్నాడు బావ.

"మీరు కాసేపు ఊరుకోండి బావగారూ!"

అక్క మొహం మాడిపోయింది. తిట్టడానికైనా నోరు తెరవకూడదాయె. గిరుక్కున తిరిగి పాడే గదిలోకి వెళ్లి మైకు ముందు నిలబడింది. చెల్లెలు పరుగెత్తి అడ్డం పడింది. పాతికేళ్లుగా ఎందరివో 'ఇంకొక్కసారి, ఇంకొక్కసారి' అని ప్రాణాలు తీసిన మనిషి ఇప్పుడు మైకు స్టాండును రెండు చేతులా వాటేసుకుంది.

"వద్దక్కా, నీ కాళ్లు పట్టుకుంటాను. పాట పోతే పోయింది. నువ్వు కావాలి నాకు."

అక్క ఆమె భుజం పట్టి లాగింది. చెల్లెలు కదల్లేదు. మళ్లీ లాగింది. చివరికి నేల మీద చతికిలబడి, చప్పుడు లేకుండా ఏడ్చింది. కాసేపటికి కాగితం మోకాలి మీద పెట్టుకుని గబగబా రాసింది.

'ఆ మలుపు ఎలా తిరిగానో నాకే గుర్తు లేదు. నువ్వు విన్నావు. మరిచిపోకముందే పాడు.'

"నేనా? చిన్నప్పుడు నేను పాడితే కిటికీలు మూసింది నువ్వే కదక్కా!"

అక్క 'పాడు' కింద రెండు గీతలు గీసింది.

చెల్లెలు వెళ్లి రిహార్సల్ బటన్ తీసింది, ఖాళీ ట్రాకు మీద రికార్డు నొక్కింది. "ఈ ఎర్రదీపం ఆరితే అరవండి" అని బావను మిషన్ ముందు కూర్చోబెట్టి వచ్చి పాడింది. బొంగురు గొంతు, శ్రుతి అటూ ఇటూ జారుతోంది. అక్క కళ్లు మూసుకుని, వేలితో పైకీ కిందికీ చూపిస్తూ దిద్దుతోంది. రెండో చరణం వచ్చింది. చెల్లెలు ఆలోచించలేదు, విన్నది విన్నట్టు తిప్పింది. గరగరలాడుతూనే ఆ మలుపు వచ్చేసింది.

అక్క ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. పెదవులు కదిలాయి. ఎక్కడ గొంతు కలిపేస్తానోనని రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది.