కాళ్ళు చూడమంది అత్తయ్య

మొగుడి పేరు నోటితో అనకూడదట. ఇక నాకేం, అంటాను: వీరరాఘవులు. తాడేపల్లిగూడెంలో నూనె కొట్టు వీరరాఘవులు. అందరితో ఎంత మెత్తగా మాట్లాడతాడో మహానుభావుడు!

పంతొమ్మిదొందల ముప్ఫై నాలుగులో, పెద్దింట్లమ్మ జాతరకని కొల్లేట్లో పడవెక్కాం. గాలివానకి పడవ బోల్తాపడింది. ఆయనకో చెక్క దొరికితే నేనూ పట్టుకున్నాను. "ఇద్దర్నీ మొయ్యదే" అంటూ నా వేళ్ళు ఒక్కొక్కటే ఊడదీశాడు. పెళ్ళినాడు తను పట్టుకుని నడిపించిన చిటికెనవేలు ఆఖర్న ఊడింది.

చేపలు పట్టే విశ్వాసం నన్ను ఒడ్డుకి లాగాడు. వాళ్ళావిడ సలోమి గంజి తాగించి బతికించింది. జ్వరం తగ్గాక "మాతోనే ఉండిపోమ్మా" అంది. నేనే పిచ్చిదాన్ని! చావుభయంలో చేసుంటాడు, ఏడుస్తూ కూర్చునుంటాడు అనుకున్నాను. ఏలూరులో రైలెక్కి వచ్చేశాను.

మిట్టమధ్యాహ్నం. వీధిలో పురుగు లేదు. తలుపు గడియ వేసుంది.

"ఏవండీ! నేనండీ!"

కిటికీలోంచి చూశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. దయ్యమనుకుని కాదు, బతికొచ్చానని తెలిసి.

అత్తయ్యకి చూపు ఆనదు. నేనంటే ప్రాణం. లోపల్నించి అరిచింది: "మన రమణమ్మ గొంతురా! తలుపు తియ్యి!"

"అది మునిగిపోవడం కళ్ళారా చూశానమ్మా. దయ్యమే. ఇది అవి తిరిగే వేళేగా."

"అయితే కాళ్ళు చూడు. దయ్యానికి పాదాలు వెనక్కుంటాయి. తిన్నగా ఉంటే నా కోడలే, నేనే తీస్తాను."

హమ్మయ్య! కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నిలబడ్డాను. "చూడండి, బాగా చూడండి!"

చూశాడు. తీరిగ్గానే చూశాడు. నా కాలివేళ్ళన్నీ గడపకేసే ఉన్నాయి.

"వెనక్కే ఉన్నాయమ్మా" అన్నాడు, అదే మెత్తని గొంతుతో.

అత్తయ్య ఘొల్లుమంది. "వెళ్ళిపో తల్లీ, మా జోలికి రాకు!"

ఇరుగుపొరుగు తలుపులు టపటపా మూసుకున్నారు. నా కాళ్ళకేసి ఒక్కరూ చూడలేదు.

కడుపు మండిపోయింది. నీళ్ళలో వదిలేసినందుకు కాదు, ఈ మాటకి. ఛీ, ఈ గడప తొక్కను, సలోమి దగ్గరికే పోతానని వెనక్కి తిరిగాను. నడుం తిరిగింది. మోకాళ్ళు తిరిగాయి. పాదాలు తిరగలేదు. నొప్పీ లేదు. అవి ఇంకా తలుపుకేసే ఉన్నాయి.

కొల్లేటి వైపే అనుకుని అడుగేశాను. వీపుకి తలుపు తగిలింది.

ఇంకో అడుగేశాను. గడియ దానంతటదే ఊడింది.