చేతులు కట్టుకొని నిలబడమన్నాడు

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడు, ఎర్రగుంట్లలో పట్టాలు బాగుచేసే రైలు గ్యాంగు మేస్త్రీ గాబ్రియేలుకు కళ్లలో పొర కమ్మింది. దూరాన వచ్చేది బండో, ఎండమావో తెలియడం లేదని, ఇక ఈ పని తనవల్ల కాదని అతనే రైల్వే దొరకు చెప్పుకున్నాడు. తానే పట్టాల మీది ట్రాలీలో వచ్చి, పని చూసి, గ్యాంగులోనే ఒకణ్ణి మేస్త్రీని చేస్తానని దొర కబురు పంపాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి గ్యాంగు కూలీ ఖాదర్ మొహిద్దీన్‌కు అన్నం సయించలేదు. మేస్త్రీకి లైను పక్కన రాతి గది ఇస్తారు. గదిని ఆనుకొని రైల్వే బావి. ఎంత కరువొచ్చినా ఎండని బావి. ఖాదర్ పెండ్లాం మాబీ రోజూ కడవ చంకన పెట్టుకొని ఏటికి పోతుంది. ఇసుకలో చెలమ తోడి, నీళ్లు ఊరేదాకా కూర్చొని వస్తుంది. ఇప్పుడామెకు నెలలు నిండుతున్నాయి.

గ్యాంగులో పాతవాళ్లు ఇద్దరే, ఖాదరూ ఏసన్నా. ఏసన్నా గాబ్రియేలూ ఒకే చర్చికి పోతారు, పండగొస్తే ఒకరింట్లో ఒకరు తింటారు. ఇక తన వైపు చూసేదెవరని ఖాదర్ కుమిలిపోయాడు.

దొర రేపు వస్తాడనగా, సద్ది తినేవేళ గాబ్రియేలు అతణ్ణి పక్కకు పిలిచాడు.

"ఖాదరూ, రేపు దొర ముందర గడ్డపార ముట్టొద్దు. చేతులు ఎనక్కి కట్టుకోని రైలుకట్ట మీద నిలబడు."

"పని చెయ్యకుండానా మామా?"

"ఊరికే నిలబడప్పా."

"ఎందుకట్ల?"

"మేస్త్రీ అయ్యేవోనికి అది గూడా చెప్పాల్నా?" అని ముసలాయన కళ్లు నలుపుకుంటూ వెళ్లిపోయాడు.

ఖాదర్ ఆ మాటను తిరగేసి బోర్లేసి చూశాడు. దొర ఎదుట చేతులు కట్టుకొని నిలబడితే పనిదొంగ అనడా? ఏసన్నకు మాత్రం గడ్డపార వదలొద్దని చెప్పి ఉంటాడు.

ఇంటికి పోయి మాబీతో అదే అన్నాడు.

"ఆయప్ప ఎప్పుడన్నా నీకు చెడుపు చేసినాడా?" అందామె.

"చెయ్యలే. ఇన్నాళ్లూ అవసరం రాలే. ఇప్పుడొచ్చె."

"సరేలే. నీ అనుమానం నాకు నీళ్లు మోసుకొస్తాదేమో చూస్తా."

మర్నాడు ట్రాలీ కనపడగానే ఖాదర్ గడ్డపార అందుకున్నాడు. పూనకం వచ్చినట్టు పట్టాల కింద కంకర పొడిచాడు.

"ఏమప్పో, పట్టాలు పెరికి కడపకు మోస్తావా?" అని పక్కనున్న సోమన్న నవ్వాడు.

ఖాదర్ ఓరకంట చూశాడు. ఏసన్న కట్ట మీద చేతులు వెనక్కి కట్టుకొని, కొంగ మాదిరి లైను పొడుగునా చూస్తూ నిలబడి ఉన్నాడు. వాని పని అయిపోయిందని ఖాదర్ ముందు సంతోషపడ్డాడు. మరుక్షణమే ఇంకో అనుమానం పుట్టింది. ఇద్దరికీ అదే చెప్పినాడంటే, ముసలోడు లోపల్లోపల మేస్త్రీని చేస్తున్నది ఎవణ్ణి? సోమన్ననా? అందుకేనా వీడు నవ్వేది?

దొర ట్రాలీ దిగి అందరినీ చూసి, ఏసన్న వైపు వేలు చూపాడు. వెంట వచ్చిన గుమాస్తా తెలుగులో చెప్పాడు: "అందరూ తలలొంచుకోని పొడుస్తాంటే బండి వచ్చేది చూసేదెవరు? మేస్త్రీ కండ్లు లైను మీద ఉండాల అంటాండాడు దొర. ఇంగ ఆయప్పే మీ మేస్త్రీ."

ట్రాలీ పోయాక ఖాదర్ గాబ్రియేలును నిలేశాడు. "ఏసన్నకూ చెప్పినావు కదా?"

"వానికి ఒక్క మాటా చెప్పలే. నీకే చెప్పినా."

"మరి వాడెందుకు నిలబడె?"

"వాన్నే అడుగుపో."

అడిగితే ఏసన్న మొహం చిట్లించాడు. "నడుము పట్టేసిందన్నా. వంగితే ప్రాణం పోతాండాది. దొర కనిపెడితే ఇంటికి పంపుతాడని దూరంగా నిలబడినా."

ఖాదర్ నమ్మలేదు. భుజం మీది తువ్వాలు కావాలనే ఏసన్న కాళ్ల దగ్గర జారవిడిచి, వంగుతాడేమోనని చూస్తూ నిలబడ్డాడు. ఏసన్న తువ్వాలును చూశాడు, ఖాదర్‌ను చూశాడు. చేతులు వెనకనుంచి తియ్యలేదు.

"నువ్వే తీసుకోన్నా," అన్నాడు. "ఇంగ వదినను ఏటికి పంపొద్దు. గది నాదైనాక బావి కాడికి రమ్మను. మా ఆడోళ్లు తోడి పోస్తారు."

ఖాదర్ వంగి తువ్వాలు తీసుకున్నాడు. దుమ్ము దులుపుతూ ఏసన్న మొహంలోకే చూశాడు.

"దేనికి?" అని అడిగాడు.